జవాబు బాకీ ఉన్నవారెవరు?

(విజయనగరంలో వలస కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈరోజు మేము ప్రస్తావించదలచిన విషయం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. విదేశీ కాన్సులేట్‌కు ఫోను చేస్తే ఎవరూ ఎత్తకపోవడం, ఉత్తరం రాస్తే బదులు రాకపోవడం, ఇచ్చిన వీసా దరఖాస్తు ఏమైనదో తెలియకపోవడం. వక్ఫ్ భూముల వలెనో, రిజర్వేషన్ల వలెనో ఇది సభలలో చర్చకు వచ్చే సమస్య కాదు. దీనిపై ఎవరూ ధర్నా చేయరు, ఏ పార్టీ ప్రణాళికలోనూ ఇది ఉండదు. అయినా కాగితాల సంచి పట్టుకొని మా వద్దకు వచ్చే కుటుంబాలలో ఎక్కువమంది అడిగే మాట ఒక్కటే: "మా కాగితం ఎక్కడుందో ఒక్కపాలి కనుక్కొని చెప్పండి బాబూ."

ఈ మాటకు సమాధానం చెప్పే ముందు మన జిల్లాల పరిస్థితిని గుర్తు చేసుకోవడం అవసరం. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో గానీ, విజయనగరం జిల్లాలో గానీ ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. మనం ఇక్కడికి కొత్తవారమేమీ కాదు. చికాకోల్ సర్కారు కాలంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో నేటికీ ఉన్నది. ఈ విజయనగరంలో బాబామెట్టపై ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాలవారూ వస్తున్నారు. చరిత్ర ఉన్నది గానీ సంఖ్య లేదు. హైదరాబాదు పాతబస్తీలోనో, కడప, రాయచోటి ప్రాంతాలలోనో ప్రతి వీధిలో గల్ఫ్ వెళ్ళి వచ్చినవారు ఉంటారు. ఏ దేశానికి ఏ కాగితం కావాలో, ఏ ఏజెంటు నమ్మదగినవాడో, ఏ కార్యాలయం ఏ నగరంలో ఉన్నదో అక్కడ చాయ్ దుకాణంలో కూర్చుంటే తెలుస్తుంది. మన జిల్లాలలో ఒక జమాత్‌కు అటువంటివారు ఇద్దరో ముగ్గురో. వారు కూడా సెలవుకు వచ్చినప్పుడే కనిపిస్తారు. మనకు లేని ఆ అనుభవాన్ని అమ్ముకొనేవాడే దళారి.

వలస మనకు కొత్త కాదన్న మాట కూడా చెప్పుకోవాలి. ఈ తీరం నుండి మన తాతల తరంవారు కులమత భేదం లేకుండా వేల సంఖ్యలో రంగూన్‌కు ఓడలెక్కి వెళ్ళారు. 1937 ఏప్రిల్‌లో బర్మాను భారతదేశం నుండి విడదీసేవరకు అది ఒకే ప్రభుత్వపు ఏలుబడిలోని ప్రాంతం. వీసా అనే మాటే వారికి తెలియదు. 1942లో యుద్ధం వచ్చి కొందరు, 1962 తర్వాత సైనిక ప్రభుత్వం వచ్చి మరికొందరు తిరిగి రావలసి వచ్చింది. ఉత్తరాంధ్ర పట్టణాలలో బర్మా కాలనీ, బర్మా క్యాంపు అనే పేర్లు అలా మిగిలాయి. ఓడ టిక్కెట్టు దొరికితే చాలునన్న ఆ కాలం పోయింది. ఇప్పుడు టిక్కెట్టు ఎవరైనా కొనగలరు, ముద్ర పడడమే కష్టం.

ఆ ముద్ర వేసే కార్యాలయాలు మనకు ఎంత దూరంలో ఉన్నాయి? సౌదీ, కువైట్ దేశాల రాయబార కార్యాలయాలు ఢిల్లీలో, కాన్సులేట్లు ముంబైలో ఉన్నాయి. అమెరికా 2008లో, యూఏఈ 2023లో హైదరాబాదులో కాన్సులేట్లు తెరిచాయి. 2024 జూన్ 2 తర్వాత హైదరాబాదు కూడా మనకు పొరుగు రాష్ట్రపు రాజధానే. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఫలక్‌నుమా ఎక్కితే హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబై చేరడానికి ఒక పగలు, ఒక రాత్రి చాలవు. కూలి మానుకొని, చార్జీలు పెట్టుకొని, బస ఖర్చు భరించి అంత దూరం వెళ్ళిన మనిషిని గేటు వద్దనే ఆపివేస్తే ఆ కుటుంబం మీద పడే భారం ఎంతో ఊహించండి.

ఊహ ఎందుకు, మేము దగ్గరుండి చూసిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. పేర్లు, ఆ దేశం పేరు ఇక్కడ అనవసరం. ఈ జిల్లాలోని ఒక చిన్న పట్టణానికి చెందిన యువకుడు ఒక అరబ్బు దేశంలో పరంజా పని చేస్తూ పై నుండి పడ్డాడు. వెన్నెముకకు దెబ్బ తగిలింది. భార్యను రప్పించడానికి కంపెనీ సందర్శక వీసాకు పూచీ ఇస్తానన్నది. ఆమె ఊరు దాటి ఎరుగదు. అన్నగారి సాయంతో పాస్‌పోర్టు, నికాహ్‌నామా, ఆసుపత్రి కాగితం, కంపెనీ ఉత్తరం అన్నీ జతచేసి దరఖాస్తులు స్వీకరించే కేంద్రంలో ఇచ్చింది. రుసుము కట్టింది. రసీదు తీసుకొన్నది.

రెండు వారాలు గడిచాయి. కాన్సులేట్‌కు ఫోను చేస్తే ముందు అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో ఏ అంకె నొక్కాలో చెబుతుంది. ఆ అంకె నొక్కితే సంగీతం వినిపిస్తుంది. కొంతసేపటికి ఫోను తెగిపోతుంది. ఈమెయిలు పంపితే నిమిషంలోనే బదులు వస్తుంది గానీ అది యంత్రం పంపే బదులు. దరఖాస్తు స్వీకరించిన కేంద్రానికి వెళితే, "మేము కాగితాలు తీసుకొని పంపుతాము, నిర్ణయం మా చేతిలో లేదు" అన్నారు. అందులో అబద్ధం లేదు. నేడు అనేక దేశాలు దరఖాస్తుల స్వీకరణను ప్రైవేటు సంస్థలకు అప్పగించాయి. కాగితం తీసుకొనేవాడికి నిర్ణయాధికారం లేదు, నిర్ణయించేవాడు మనకు కనపడడు. నెల దాటిన తర్వాత ఆ అన్నగారు కోణార్క్ ఎక్కి ముంబై వెళ్ళారు. ముందుగా సమయం తీసుకోనివారిని లోపలికి పంపమని కాపలాదారు చెప్పాడు. సమయం ఎలా తీసుకోవాలని అడిగితే ఫోనులో తీసుకోమన్నాడు. ఏ ఫోను? అదే ఫోను.

అప్పటికే ఒక దళారి ఆ ఇంటికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. కాన్సులేట్ లోపల తన మనిషి ఉన్నాడని, నలభై వేలు ఇస్తే మూడు రోజులలో పని అవుతుందని చెప్పాడు. ఆమె చేతి గాజులు తీసి సిద్ధంగా ఉంచుకొన్న రోజున మా వద్దకు వచ్చారు.

మేము కాన్సులేట్‌తో మాట్లాడడానికి ప్రయత్నించలేదు. ఆ దేశంలో ఉన్న మన భారత రాయబార కార్యాలయానికి, విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు నమోదు చేయించాము. వీసా ఇప్పించమని కాదు, మన పౌరుడు ఏ ఆసుపత్రిలో ఏ స్థితిలో ఉన్నాడో, కంపెనీ అతని వైద్యానికి, పరిహారానికి ఏమి చేస్తున్నదో తెలియజేయమని కోరాము. నాలుగవ రోజున రాయబార కార్యాలయంలోని సంక్షేమ విభాగం నుండి ఫోను వచ్చింది. వారు ఆసుపత్రికి మనిషిని పంపారు. ఆ సాయంత్రం భార్యాభర్తలు వీడియోలో ఒకరినొకరు చూసుకొన్నారు. నెలన్నర తర్వాత అది మొదటిసారి. వీసా ఆగడానికి కారణం కూడా ఆ తర్వాతనే తెలిసింది. కంపెనీ పంపిన కాగితంలో భార్య పేరు ఒక విధంగా, ఆమె పాస్‌పోర్టులో మరొక విధంగా ఉన్నది. డెబ్బై ఒకటవ రోజున వీసా వచ్చింది. అప్పటికి కంపెనీవారు అతనిని స్వదేశానికి పంపించే ఏర్పాటు పూర్తి చేశారు. ఆమె భర్తను కలుసుకొన్నది విశాఖపట్నం విమానాశ్రయంలో, చక్రాల కుర్చీలో. వీసా రుసుము తిరిగి రాలేదు.

ఈ ఉదంతంలో మేము గమనించమని కోరుతున్నది ఒక్కటే. బదులు చెప్పవలసిన బాధ్యత లేని తలుపును ఆ కుటుంబం నెలన్నరపాటు తట్టింది. బదులు చెప్పి తీరవలసిన తలుపు ఒకటి ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ కొంచెం చట్టం మాట్లాడుకోవాలి. పాస్‌పోర్టు వేరు, వీసా వేరు. పాస్‌పోర్టు మన ప్రభుత్వం మనకు ఇచ్చేది. విదేశాలకు వెళ్ళే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఫలితంగానే అదే సంవత్సరం పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ హక్కు మరింత బలపడింది. పాస్‌పోర్టు నిరాకరిస్తే అధికారి కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, నకలు ఇవ్వాలి. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అది మన హక్కు.

వీసా అటువంటిది కాదు. అది మరొక దేశం తన గడప దాటనివ్వడానికి ఇచ్చే అనుమతి. కాన్సులేట్ల పనిని నిర్దేశించే 1963 నాటి వియన్నా ఒప్పందం వీసాలు జారీ చేయడాన్ని కాన్సులేట్ల విధులలో ఒకటిగా పేర్కొన్నది. ఎన్ని రోజులలో జవాబు చెప్పాలో, ఫోను ఎత్తాలో లేదో ఆ ఒప్పందంలో లేదు. కాన్సులేట్ అధికారి తన విధి నిర్వహణలో చేసిన పనిపై మన కోర్టులు విచారణ జరపలేవు. మన సమాచార హక్కు చట్టం విదేశీ కాన్సులేట్‌కు వర్తించదు. కొన్ని దేశాలు తమ చట్టంతో తామే కట్టుబడ్డాయి. షెంజెన్ ఒప్పందంలోని ఐరోపా దేశాలు 2009 నాటి వీసా నియమావళి ప్రకారం తిరస్కరణకు కారణం తెలపాలి, అప్పీలుకు అవకాశం ఇవ్వాలి. మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే దేశాలలో దరఖాస్తుదారునికి అటువంటి భరోసా కనిపించదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ మన తీరంలోనే ఉన్నది. 2018 నవంబరు చివరలో గుజరాత్‌లోని వేరావల్ నుండి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకొని కరాచీ జైలులో పెట్టింది. ఈ మధ్య వచ్చిన 'తండేల్' సినిమాకు ఆధారం ఆ సంఘటనే. ఆ ఇళ్ళలోని స్త్రీలు పదమూడు నెలలు తిరగని కార్యాలయం లేదు. అయితే వారు తిరిగినది గాలిలో కాదు. వారి చేతికి ఒక ఆధారం ఉన్నది. భారత్, పాకిస్తాన్ 2008 మే 21న చేసుకొన్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. అరెస్టు జరిగిన మూడు నెలలలోగా కాన్సులర్ అధికారులు ఖైదీని కలుసుకొనే అవకాశం ఇవ్వాలి. వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం కూడా ఖైదీకి ఆ హక్కు ఇస్తున్నది. దానినే ఉల్లంఘించారని 2019 జూలైలో కుల్‌భూషణ్ జాధవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్తాన్‌ను తప్పుపట్టింది. మన మత్స్యకారులు ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. రెండు దేశాల మధ్య మాటలు లేని రోజులలో ఆ కుటుంబాలు ఫలానా తేదీన ఫలానా జాబితాలో మావాళ్ళ పేర్లు ఉన్నాయా అని మన ప్రభుత్వాన్ని నిలదీయగలిగాయి.

వింతగా తోచవచ్చు గానీ, పరాయి దేశపు జైలులో పడ్డవాడికి ఉన్న హక్కు, ఆ దేశానికి వెళ్ళడానికి వీసా అడిగినవాడికి లేదు. ఈ భేదం తెలిస్తే మన కోపాన్ని ఎక్కడ వృథా చేసుకొంటున్నామో, ఎక్కడ ఉపయోగించాలో తెలుస్తుంది.

వీసా ఆలస్యమైన ప్రతి యువకుడూ మమ్మల్ని మరొక ప్రశ్న అడుగుతున్నాడు. ముస్లిం పేరు ఉన్నందువల్లనే ఆపారా అని. ఈ అనుమానాన్ని మేము కొట్టివేయము. 2017 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఏడు ముస్లిం దేశాల ప్రజల రాకను నిషేధించిన ఉత్తర్వును ప్రపంచం చూసింది. మన దేశం ఆ జాబితాలో లేకపోయినా ఆ రోజులలో ప్రతి ముస్లిం ఇంట్లో ఆ భయం ప్రవేశించింది. అయితే మా వద్దకు వచ్చే దరఖాస్తులలో అత్యధికం ముస్లిం దేశాలకే. అక్కడ పేరు మతాన్ని బట్టి అడ్డు కావడం లేదు, రాసిన తీరును బట్టి అడ్డు అవుతున్నది. ప్రతి జాప్యానికీ వివక్షే కారణమని చెప్పడం వల్ల మాట్లాడినవారికి చప్పట్లు వస్తాయి. ఆ యువకుడి కాగితంలోని తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

పేరు సంగతి కొంత వివరంగా చెప్పుకొందాము, ఎందుకంటే ఇది పూర్తిగా మన ఇంట్లో సరిచేసుకోదగినది. మన తెలుగు దేశంలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ అన్నవి మనకు ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు షేక్‌ను 'ఎస్‌కే' అని, మహమ్మద్‌ను 'ఎండీ' అని పొట్టి అక్షరాలు రాస్తారు. పదవ తరగతి సర్టిఫికెట్‌లో అదే ఉంటుంది. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వేరు. పఠాన్ ఇంట్లో ముందు పఠాన్, చివర ఖాన్ రెండూ ఉండవచ్చు. ఆడపిల్ల పేరు చివర పెళ్ళికి ముందు ఒకటి, తర్వాత బీబీ లేక బేగం. దూదేకుల కుటుంబాలలో తెలుగు ఇంటిపేరు, ముస్లిం పేరు కలిసి ఉంటాయి. మహమ్మద్ అన్న ఒక్క మాటకు ఇంగ్లీషులో ఎన్ని వర్ణక్రమాలు ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. మన ఊరిలో ఇవన్నీ ఒకే మనిషి అని అందరికీ తెలుసు. ముంబైలో కంప్యూటరు ముందు కూర్చున్న అరబ్బు గుమాస్తాకు ఇవి నలుగురు మనుషులు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, పేరంతా ఒకే గడిలో నింపినవారు మనలో ఎందరో ఉన్నారు. 2022 నవంబరు 21 నుండి యూఏఈ ఒకే ఒక్క పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించబోమని ప్రకటించింది. పాస్‌పోర్టు రెండవ పుటలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే అంగీకరిస్తామని కొద్ది రోజులలోనే వివరణ ఇచ్చింది. ఈ నడుమ టిక్కెట్లు కొనుక్కొన్నవారు ఎంత ఆందోళన పడి ఉంటారో చెప్పనక్కరలేదు. సౌదీ అరేబియా 2025 జనవరి 14 నుండి భారతీయ కార్మికుల ఉద్యోగ వీసాలకు విద్యా, వృత్తి అర్హతల ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. మన వెల్డరు, ఫిట్టరు కుర్రవాడి ఐటీఐ సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో మరొక పేరు ఉంటే ఇప్పుడు అక్కడే ఆగిపోతుంది. పెళ్ళి విషయంలోనూ అంతే. ఖాజీగారు ఇచ్చే నికాహ్‌నామా మనకు పవిత్రమైనది, సరిపోయేది. దానితోపాటు 2002 నాటి తప్పనిసరి వివాహ నమోదు చట్టం కింద కూడా నమోదు చేయించుకోండి. రెండింటిలోనూ పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్లే రాయించండి. ఇది షరియత్‌కు అడ్డు కాదు. ఆపదలో ఆడబిడ్డకు ఆసరా.

ఇక వీసా సులభంగా రావడం గురించి కూడా ఒక మాట. రాని వీసా కష్టపెడుతుంది, తేలికగా వచ్చిన వీసా కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం మీకు తెలిసే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, పర్యాటక వీసాలపై మన ప్రాంతపు యువకులను పంపించి, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించారు. ఎదురు తిరిగినవారిని కొట్టారు. ఆ యువకులు మే 20న తిరుగుబాటు చేసి ఆ వీడియోలను ఇక్కడికి పంపిన తర్వాత గానీ లోకానికి తెలియలేదు. ఆ ఏజెంట్లకు ఏ కాన్సులేట్ చుట్టూ తిరగవలసిన పని లేకపోయింది. మరొక సంగతి గమనించండి. పది చదవనివారు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవలసిన దేశాలు పద్దెనిమిది. గల్ఫ్ దేశాలు, మలేసియా అందులో ఉన్నాయి, కంబోడియా లేదు. అనుమతి కోసం తిరిగే శ్రమ లేని చోటికే దళారి మన పిల్లవాడిని తీసుకొనిపోతాడు. ఆ శ్రమను మనం తిట్టుకొంటాము గానీ, ఆ కాగితం ఉన్నందువల్లనే ప్రవాసీ భారతీయ బీమా కింద పది లక్షల రూపాయల రక్షణ వస్తుంది.

కాబట్టి జవాబు బాకీ ఉన్నవారు ఎవరో చూద్దాము. విశాఖపట్నంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం ఉన్నది. పేరు సరిచేయడంలో తాత్సారం జరిగితే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, ముప్పై రోజులలో చెప్పాలి. 1983 వలసల చట్టాన్ని అమలు చేసే వలస రక్షకుని కార్యాలయం ఉన్నది. లైసెన్సు ఉన్న ఏజెంటు మన వద్ద తీసుకోదగిన సేవా రుసుము ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే. రెండు లక్షలు, మూడు లక్షలు తీసుకొన్నవాడిపై ఫిర్యాదు చేయడానికి అదే చోటు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆయా దేశాలలోని మన రాయబార కార్యాలయాలు ఉన్నాయి. కష్టంలో ఉన్నవారికి ఖర్చు పెట్టడానికి 2009 నుండి భారతీయ సముదాయ సంక్షేమ నిధి వారి వద్ద ఉన్నది. వారిని కదిలించడానికి 2015లో ప్రారంభించిన మదద్ ఉన్నది. అది జాలితో ఇచ్చే సాయం కాదు, వారి విధి.

హజ్ విషయంలోనూ ఇదే తేడా కనిపించింది. 2025లో మన దేశానికి దక్కిన కోటా 1,75,025. అందులో 52,507 ప్రైవేటు నిర్వాహకుల వాటా. దానిలో అత్యధిక భాగం చేజారిపోయింది. సౌదీ ప్రభుత్వం మళ్ళీ పదివేలమందికి మాత్రమే దారి తెరిచింది. డబ్బు కట్టి ఇహ్రామ్ వస్త్రాలు కొనుక్కొన్న వృద్ధులు వీసా ఎప్పుడు వస్తుందని అడుగుతూ ఉండిపోయారు. ఆ వీసాను నిరాకరించినది కాన్సులేట్ కాదు. నిర్వాహకులు గడువులు పాటించలేదని మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ అన్నది. నిర్వాహకులనూ, వారికి అనుమతి ఇచ్చి పర్యవేక్షించవలసిన ఆ మంత్రిత్వ శాఖనూ మనం ప్రశ్నించవచ్చు. రెండూ మన దేశంలో, మన చట్టం కింద ఉన్నవే.

రాష్ట్ర ప్రభుత్వం సంగతి. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే ప్రత్యేక శాఖను ఏర్పాటు చేసుకొన్నది. నోర్కా రూట్స్ కార్యాలయాలలో సర్టిఫికెట్ల ధ్రువీకరణ జరుగుతుంది. అక్కడి కుర్రవాడు ఢిల్లీకి పరుగెత్తనవసరం లేదు. తెలంగాణలో 2024 సెప్టెంబరులో ప్రవాసుల ఫిర్యాదులకు ప్రత్యేకంగా ప్రవాసీ ప్రజావాణి ప్రారంభించారు. మన రాష్ట్రంలో ప్రవాసాంధ్ర తెలుగు సొసైటీ ఉన్నది, ప్రభుత్వమే నడిపే ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉన్నది. అవి గుంటూరు, విజయవాడల వైపు ఉన్నవి. ఇచ్ఛాపురం నుండి అక్కడికి ఎంత దూరమో కాన్సులేట్ ఉన్న హైదరాబాదుకు వెళ్ళడం కూడా దాదాపు అంత కష్టమే. శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో వారానికి ఒక్కరోజైనా ఆ సంస్థల ప్రతినిధి కూర్చోవాలని, ప్రతి సోమవారం జరిగే ఫిర్యాదుల దినాన వలస సమస్యలను వేరుగా నమోదు చేయాలని మేము కోరుతున్నాము. ఇది ముస్లింలకే పనికివచ్చే కోరిక కాదు. ఉద్దానం నుండి వెల్డర్లుగా, రిగ్గర్లుగా వెళ్ళే వేలమంది హిందూ సోదరులకు, మత్స్యకారులకు ఇది మనకంటే ఎక్కువ అవసరం. నూటికి ఒక్కరం కూడా లేని మనం ఒంటరిగా అడిగితే ఎవరూ వినరు. వారితో కలిసి అడగాలి. మత్స్యకార సంఘాల పెద్దలతో ఇప్పటికే మాట్లాడాము, వారు సిద్ధంగా ఉన్నారు. అర్జీపై సంతకాల సేకరణ ఈరోజే మొదలవుతున్నది.

ఇక కాన్సులేట్‌కు రాయనే వద్దా అంటే, రాయండి. ఒక్కసారి, క్లుప్తంగా, దరఖాస్తు సంఖ్య, పాస్‌పోర్టు సంఖ్య, ఇచ్చిన తేదీ పేర్కొంటూ రాయండి. రోజుకు పదిసార్లు రాస్తే ఎవరూ చదవరు. వైద్యం, మరణం వంటి అత్యవసరమైతే ఆ మాట మొదటి పంక్తిలోనే ఉండాలి, ఆసుపత్రి కాగితం జతచేయాలి. వీసా ఆపినది అక్కడి కఫీల్ కాగితంలో తప్పా, ఇక్కడి కాగితంలో తప్పా అన్నది కఫీల్ ద్వారానే త్వరగా తెలుస్తుంది. వారి వైపు నుండి అడిగిస్తే వచ్చే బదులు, మన వైపు నుండి అడిగితే రాదు. కాన్సులేట్‌లో తన మనిషి ఉన్నాడని చెప్పేవాడు ఎవరైనా సరే, ఆ మాట విన్న క్షణమే లేచి వచ్చేయండి.

వచ్చే శుక్రవారం నుండి జుమా నమాజు తర్వాత అస్ర్ వరకు మా బృందంలో ఇద్దరు మసీదు వరండాలో కూర్చుంటారు. వారిలో ఒకరు సోదరి, కాబట్టి స్త్రీలు సంకోచించవలసిన పని లేదు. ఇంట్లో ఎవరు విదేశంలో ఉన్నా, వెళ్ళే ఆలోచనలో ఉన్నా వారి పాస్‌పోర్టు మొదటి, చివరి పుటలు, ఆధార్, పదవ తరగతి సర్టిఫికెట్, నికాహ్‌నామా తీసుకొని రండి. పేర్లు సరిపోతున్నాయో లేదో చూసి, సరిపోనివి ఎక్కడ మార్చుకోవాలో చెబుతాము. ఇప్పటికే వెళ్ళినవారి విషయంలో కంపెనీ పేరు, వారు ఉండే ఊరు, అక్కడి గుర్తింపు కార్డు సంఖ్య ఒక కాగితం మీద రాసి ఖురాన్ పెట్టే అలమారాలోనో, బియ్యం డబ్బా మీదనో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. మేము అడిగినవన్నీ జిరాక్స్ నకళ్ళే. పాస్‌పోర్టు చట్టప్రకారం భారత ప్రభుత్వపు ఆస్తి, దానిని తాకట్టు వలె దగ్గర పెట్టుకొనే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. అసలు పాస్‌పోర్టును మా చేతికి కూడా ఇవ్వవద్దు.